పన్నెండుకి తిట్టకండి, పంతొమ్మిదికి పరుగెత్తండి

జనగామలో ఓ కుట్టు కేంద్రాన్ని ఊహించుకోండి. ఇరవై మిషన్లు, ఇరవై మంది మహిళలు. బడి పిల్లల యూనిఫాంలు కుడుతున్నారు. సాయంత్రం కాగానే సంఘం పెద్దక్క ఆ రోజు కుట్టిన వాటిలోంచి వంద చొక్కాలు తీసి, ఒక్కొక్కటీ తిప్పి చూస్తుంది. కాలరు వంకరపోయినవి, కాజా చిరిగినవి, కుట్టు ఊడినవి పక్కన పెడుతుంది. ఎన్ని తేలాయో నోటుబుక్కులో రాస్తుంది.

మొదటి రోజు 7. రెండో రోజు 9. ఆపైన 5, 10. ఐదో రోజు 8, ఆరో రోజు 12.

పన్నెండు చూడగానే పెద్దక్కకి గుండె గుభేలుమంది. "ఏందమ్మా ఇది? నిన్న ఎనిమిది, ఇయ్యాల పన్నెండు! ఇట్లయితే మనకు మళ్ళ ఆర్డరు ఎవరిస్తరు?" అని గట్టిగానే అందరినీ మందలించింది. "ఎప్పటిలెక్కనే కుట్టినమక్కా" అని ఒకామె గొణిగింది. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

మర్నాడు ఆరు తేలాయి. ఆ మర్నాడు నాలుగే. పెద్దక్క ముఖం వెలిగింది. 'చూశారా, నాలుగు మాటలు పడితేగానీ పని జరగదు' అనుకుంది. నాలుగు వచ్చిన రోజు అందరికీ చాయ్ తెప్పించి మెచ్చుకుంది కూడా. తర్వాతి రోజు తొమ్మిది! దాంతో ఆమెకి రెండో పాఠం కూడా వంటబట్టింది: 'మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు.'

ఇది కల్పించిన కథే. కానీ ఇలాంటి పెద్దక్కలు మన ఇళ్ళల్లో, బళ్ళల్లో, ఆఫీసుల్లో ఎందరో! లెక్కలు బాగా వచ్చిన కొడుకుని పొగిడితే తర్వాతి పరీక్షలో మార్కులు తగ్గాయనీ, తిడితే పెరిగాయనీ చెప్పే తండ్రిని మీరూ చూసే ఉంటారు. నిజానికి పెద్దక్క నేర్చుకున్న రెండు పాఠాలూ తప్పే. తిట్టడం వల్ల లోపాలు తగ్గలేదు. మెచ్చుకోవడం వల్ల పెరగలేదు. అంకెలు వాటంతటవే ఊగాయి. బాగా పైకి వెళ్ళిన అంకె తర్వాత మామూలుగా కిందికే రావాలి, బాగా కిందికి దిగిన అంకె తర్వాత పైకే పోవాలి. మధ్యలో మన తిట్లకీ చాయ్‌కీ ఊరికే పేరొచ్చింది.

మరి ఏ అంకెకి కంగారు పడాలి? ఏ అంకెని చూసీ చూడనట్టు వదిలెయ్యాలి? ఈ ప్రశ్నకి వందేళ్ళ కిందటే ఒకాయన ఒక్క కాగితం మీద జవాబు రాశాడు.

ఒక్క పేజీ ఉత్తరం

ఆయన పేరు వాల్టర్ షూహార్ట్. అమెరికాలో టెలిఫోన్ సామగ్రి తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజినీరు. 1924 మే 16న తన పై అధికారికి పేజీకి మించని ఓ ఉత్తరం పంపాడు. అందులో ఓ చిన్న బొమ్మ ఉంది. మధ్యలో అడ్డంగా ఓ గీత, పైన ఓ గీత, కింద ఓ గీత. ఆ గీతల నడుమ చుక్కలు. ఇవాళ ప్రపంచమంతా 'కంట్రోల్ చార్ట్' అని పిలుస్తున్నది దాన్నే.

టెలిఫోన్ పరికరాలు ఒకసారి భూమిలోకో, గోడలోకో వెళ్ళాక చెడిపోతే బాగుచెయ్యడం పెద్ద ఖర్చు. అందుకే కంపెనీ నాణ్యత మీద విపరీతమైన శ్రద్ధ పెట్టింది. ఏ చిన్న తేడా కనిపించినా వెంటనే మిషను సరిచేసేవారు. షూహార్ట్ గమనించిందేమిటంటే, అలా అయినదానికీ కానిదానికీ సరిచేస్తూ పోతే కొన్నిసార్లు తేడాలు తగ్గకపోగా పెరుగుతాయి! బాగానే ఉన్న తక్కెడ ముల్లుని గడియకోసారి కదిపితే ఏమవుతుందో అదే అన్నమాట.

ఆయన తేడాలని రెండు రకాలుగా విడదీశాడు. మొదటిది పనిలో ఎప్పుడూ ఉండే మామూలు ఊగిసలాట. గుడ్డ మందంలో కాస్త తేడా, చేతి వేగంలో కాస్త తేడా, వెలుతురు, ఉక్కపోత, మధ్యాహ్నం నిద్రమత్తు... ఇలాంటి వంద చిన్న కారణాలు కలిసి అంకెని అటూ ఇటూ ఊపుతుంటాయి. వాటిలో ఏ ఒక్కదాన్నీ 'ఇదిగో దొంగ' అని పట్టుకోలేం. రెండోది ప్రత్యేక కారణం. సూది మొద్దుబారింది, నాసిరకం దారం వచ్చింది, పని రాని మనిషిని కొత్తగా కూర్చోబెట్టారు. దీన్ని వెతికితే దొరుకుతుంది. దొరికితే సరిచెయ్యొచ్చు.

మన పెద్దలు తాడుని చూసి పామనుకునే భ్రమ గురించి చెప్పేవారు. షూహార్ట్ చెప్పిందీ ఇంచుమించు అదే. కాకపోతే ఆయన రెండో భ్రమ కూడా ఉందన్నాడు. పాముని చూసి తాడనుకోవడం! మామూలు ఊగిసలాటని చూసి బెదిరిపోవడం మొదటి పొరపాటు. నిజంగా ఏదో చెడిపోయినప్పుడు 'ఆఁ, మామూలే' అని ఊరుకోవడం రెండోది. ఈ రెండింటినీ పూర్తిగా తప్పించుకోవడం ఎవరి తరమూ కాదు. రెండింటి వల్లా వచ్చే నష్టం తక్కువయ్యేలా గీతలు ఎక్కడ గియ్యాలన్నదే ఆయన లెక్క. 1931లో ఈ విషయం మీద ఆయన పుస్తకమే రాశాడు.

గీత గియ్యడం ఇంతే

పెద్దక్క నోటుబుక్కు తీద్దాం. ఇరవై రోజుల అంకెలు వరసగా ఇవీ: 7, 9, 5, 10, 8, 12, 6, 4, 9, 8, 11, 7, 6, 9, 8, 10, 5, 9, 8, 9. మొత్తం 160. ఇరవైతో భాగిస్తే రోజుకి సగటున 8. ఇది మధ్య గీత.

ఇప్పుడు పై గీత. వందలో 8 చెడ్డవైతే 92 మంచివి, అంటే 0.92 వంతు. 8ని 0.92తో గుణిస్తే 7.36. దాని వర్గమూలం సుమారు 2.71. దాన్ని మూడుతో గుణిస్తే 8.14 దాకా వస్తుంది. సగటు ఎనిమిదికి దీన్ని కలిపితే 16.14. అదే ఎగువ హద్దు. ఎనిమిదిలోంచి తీసేస్తే సున్నా కన్నా కిందికి పోతుంది కాబట్టి దిగువ హద్దు సున్నా. పదో తరగతి పిల్లలు చేసిపెట్టే లెక్క ఇది.

అర్థమేమిటి? ఈ కేంద్రంలో, ఈ మిషన్లతో, ఈ గుడ్డతో, ఈ పద్ధతిలో కుడుతున్నంత కాలం వందకి సున్నా నుంచి పదహారు దాకా ఏ అంకె వచ్చినా ఆశ్చర్యం లేదు. పన్నెండు వచ్చిన రోజున ఎవరూ కొత్తగా తప్పు చెయ్యలేదు. నాలుగు వచ్చిన రోజున ఎవరూ కొత్తగా గొప్ప పని చెయ్యలేదు. 'ఎప్పటిలెక్కనే కుట్టినమక్కా' అన్న ఆమె చెప్పింది అక్షరాలా నిజం!

ఇరవై ఒకటో రోజు పంతొమ్మిది వచ్చిందనుకోండి. ఇప్పుడు కంగారు పడాలి. అదీ అప్పటికప్పుడు, చొక్కాలు ఇంకా బల్ల మీద ఉండగానే. తిట్టడానికి కాదు, వెతకడానికి. ఆ పంతొమ్మిదినీ లోపాన్ని బట్టి కుప్పలు పెట్టాలి. పన్నెండింట్లో కుట్టే ఊడిందా? అవన్నీ ఒకే కండె దారంతో కుట్టినవా? కొత్త దారం పెట్టె నిన్ననే విప్పారా? ఇలా అడుగుతూ పోతే చాలాసార్లు సాయంత్రంలోగా దొంగ దొరుకుతుంది. వారం ఆగి అడిగితే ఎవరికీ ఏదీ గుర్తుండదు.

ఇందులో ఓ మెలిక ఉంది. పన్నెండుకి తిట్టొద్దన్నామని, వందకి ఎనిమిది చెడిపోవడం మంచిదేననుకోకూడదు. ఎనిమిది ఎక్కువే. కాకపోతే దాన్ని తగ్గించడం మిషను ముందు కూర్చున్న మనిషి చేతిలో లేదు. మంచి కత్తిరింపు, సరైన వెలుతురు, వేళకి మిషన్ల మరమ్మతు, కాజాలు కుట్టడంలో వారం రోజుల శిక్షణ... ఇవన్నీ కేంద్రం నడిపేవాళ్ళు చెయ్యాల్సిన పనులు. హద్దుల లోపల ఉన్న లోపానికి జవాబుదారీ పద్ధతి. హద్దు దాటిన లోపానికి జవాబు ఆ రోజున జరిగినదేదో. ఈ రెండూ కలిపేస్తే, చెయ్యని తప్పుకి కూలిలో కోత పడేది మిషను ముందు కూర్చున్నామెకే.

వడ్ల కుప్ప చెప్పే నిజం

జనగామ నుంచి మహబూబాబాద్ వైపు వెళదాం. వడ్ల కాలంలో కల్లాల దగ్గర, రోడ్ల పక్కన పరదాల మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదన్నది నిబంధన. మించితే మళ్ళీ ఆరబొయ్యాలి, రోజులు గడపాలి. మబ్బు పడితే రైతు గుండె దడ చెప్పనక్కర్లేదు.

ఓ కల్లంలో ఒకే పద్ధతిలో ఆరబోసిన పది కుప్పల తేమ వరసగా ఇలా వచ్చిందనుకుందాం: 16.2, 16.6, 15.9, 16.4, 16.8, 16.1, 16.5, 16.0, 16.7, 16.3. పదీ పదిహేడు లోపలే. 'బ్రహ్మాండం' అనుకుంటాం. పదకొండో కుప్ప 17.2 చూపించింది. వెనక్కి పంపేశారు. ఇంట్లో గొడవ. 'నిన్న సరిగా తిరగెయ్యలేదు' అని భార్య మీద భర్త, 'నువ్వే తొందరగా కుప్ప చేశావు' అని భర్త మీద భార్య.

చార్టు ఏమంటుందో చూద్దాం. పది కుప్పల సగటు 16.35. ఒక కుప్పకీ తర్వాతి కుప్పకీ ఉన్న తేడాలు: 0.4, 0.7, 0.5, 0.4, 0.7, 0.4, 0.5, 0.7, 0.4. ఈ తొమ్మిది తేడాల సగటు 0.52. ఇలా ఒక్కొక్క అంకే వచ్చే చోట, ఈ తేడాల సగటుని 2.66తో గుణించి హద్దులు కట్టాలని లెక్కలవాళ్ళు తేల్చారు. గుణిస్తే 1.39. అంటే ఎగువ హద్దు 17.74, దిగువ హద్దు 14.96.

చూశారా? పదకొండో కుప్ప 17.2 హద్దుల లోపలే ఉంది. ఆ రోజు ఎవరూ ఏ పొరపాటూ చెయ్యలేదు. ఈ కల్లంలో ఇలా ఆరబోస్తే అప్పుడప్పుడూ ఓ కుప్ప పదిహేడు దాటడం ఖాయం. పది కుప్పలు పాసైనప్పుడే ఆ ప్రమాదం లోపల దాక్కుని ఉంది.

ఇక్కడే చాలామంది తడబడతారు. హద్దులు రెండు రకాలు. 17 శాతం అన్నది కొనేవాడు పెట్టిన హద్దు. 17.74 అన్నది మన పద్ధతి తనకు తానుగా చెప్పుకునే హద్దు. మొదటిది మనం కోరుకునేది, రెండోది నిజంగా జరిగేది. చార్టు మీద కోరికని హద్దుగా గీసుకుంటే చార్టు అబద్ధం చెబుతుంది.

మరి రైతు ఏం చెయ్యాలి? దారులు రెండు. ఒకటి, ఇంకో పూట ఎండబెట్టి సగటుని 15.6కి దించడం. అప్పుడు ఎగువ హద్దు పదిహేడు దగ్గర ఆగుతుంది. కానీ నీరు పోతే తూకం పోతుంది. 16.35 నుంచి 15.6కి దిగితే క్వింటాలుకి సుమారు 900 గ్రాములు గాలిలో కలిసినట్టే. వంద క్వింటాళ్ళ రైతుకి అది దాదాపు క్వింటాలు. రెండో దారి, సగటుని కదపకుండా కుప్పకీ కుప్పకీ ఉన్న తేడాని సగానికి పైగా తగ్గించడం. అంతటా ఒకే మందాన పరచడం, వేళ తప్పకుండా తిరగెయ్యడం, నేల చెమ్మ తగలకుండా కింద పరదా వెయ్యడం. తేడా తగ్గితే 16.35 సగటుతోనే కుప్పలన్నీ దర్జాగా పాసవుతాయి, తూకమూ నిలుస్తుంది. ఆరబోసే స్థలం, పరదాలు రైతుకి వేళకి అందాలనడం ఇందుకే. అవి లేనప్పుడు రైతుని 'సరిగా ఆరబెట్టుకోవడం రాదా' అనడం, ముందు చెప్పిన పెద్దక్క తిట్టులాంటిదే.

ఇంకో మాట. ఒకే దోసెడు వడ్లని తేమ యంత్రంలో ఐదుసార్లు పోసి చూడండి. ఐదుసార్లూ ఒకే అంకె రాకపోవచ్చు. మనం చూసే తేడాలో కొంత వడ్లది, కొంత యంత్రానిది. కొలిచే సాధనాన్ని ముందు కొలవకపోతే చార్టు గీసి లాభం లేదు.

హద్దు దాటకుండానే అరిచే చుక్కలు

ఇంకా ముందుకెళితే భూపాలపల్లి. సింగరేణి కాకతీయ గనులు అక్కడివి. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం. దాని 500 మెగావాట్ల తొలి దశ 2010లో, 600 మెగావాట్ల రెండో దశ 2016లో నడకలోకొచ్చాయి. బొగ్గుకి ప్రాణం దాని వేడి, శత్రువు బూడిద. 2012 నుంచి మన దేశంలో బొగ్గుని అదిచ్చే వేడిని బట్టి 17 గ్రేడులుగా విభజిస్తున్నారు. ఒక గ్రేడు దిగితే ధర మారుతుంది. అందుకే నమూనా తీసి పరీక్షించడం ఇటు అమ్మేవాళ్ళకీ, అటు కొనేవాళ్ళకీ డబ్బుతో ముడిపడ్డ పని.

ఒకే గని బొగ్గులోనైనా బూడిద శాతం రోజూ ఒకేలా ఉండదు. ఓ శాతం పైన, ఓ శాతం కింద. చార్టు మీద చుక్కలు మధ్యగీతకి అటూ ఇటూ ఆడుతుంటాయి. ఓ వారం ఏ చుక్కా హద్దు దాటలేదనుకోండి. కానీ వరసగా ఎనిమిది చుక్కలు మధ్యగీతకి పైనే పడ్డాయి. ఊరుకోవచ్చా?

నాణెం ఎగరేస్తే వరసగా ఎనిమిదిసార్లు బొమ్మే పడడానికి ఉన్న అవకాశం 256లో ఒకటి. అంత అరుదైనది మన కళ్ళ ముందు జరిగిందంటే నాణేన్ని ఓసారి తిప్పి చూడాల్సిందే. షూహార్ట్ పనిచేసిన కంపెనీయే 1956లో అచ్చువేసిన చేతిపుస్తకంలో ఈ ఎనిమిది చుక్కల నియమం ఉంది. హద్దు దాటని ఆ ఎనిమిదీ కలిసి, 'సగటే జరిగింది' అని చెబుతున్నాయి. బొగ్గు పొర పక్కన ఉన్న రాయి ఎక్కువగా కలుస్తోందేమో, నమూనా తీసే చోటు మారిందేమో, పరీక్ష చేసే పొయ్యే తేడాగా ఉందేమో. వెతకాలి. హద్దు దాటేదాకా ఆగితే అప్పటికి ఎన్నో వ్యాగన్లు వెళ్ళిపోతాయి.

కలకత్తా నుంచి హబ్సిగూడ దాకా

ఈ విద్య మన దేశానికి చేరిన కథా చెప్పుకోవాలి. 1931లో ప్రశాంత చంద్ర మహలనోబిస్ కలకత్తాలో భారత గణాంక సంస్థని స్థాపించారు. ఆయన పిలుపు మీద షూహార్ట్ స్వయంగా 1947-48 శీతాకాలంలో మన దేశానికొచ్చారు. కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశం, ఫ్యాక్టరీలు పెట్టుకోవాలన్న ఉత్సాహం. 1950వ దశకంలో ఆ సంస్థ పారిశ్రామిక నగరాల్లో నాణ్యతా నియంత్రణ విభాగాలు తెరిచింది. హైదరాబాద్ హబ్సిగూడలోని శాఖలోనూ ఆ విభాగం ఉంది.

ఆ సంస్థలోనే మన తెలుగువారు కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో చేరి దాదాపు నాలుగు దశాబ్దాలు పనిచేశారు. సి.ఆర్.రావు అంటే ప్రపంచమంతటికీ తెలుసు. 1920లో హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి గణాంకశాస్త్రంలో అడుగుపెట్టారు. 2023లో ఆ శాస్త్రంలో అత్యున్నతమైన అంతర్జాతీయ బహుమతి అందుకుని, అదే ఏడాది ఆగస్టు 22న 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. కంట్రోల్ చార్టు ఆయన కనిపెట్టింది కాదు. కానీ కొద్దిపాటి నమూనాని చూసి మొత్తం గురించి ఎంతవరకు నమ్మకంగా చెప్పొచ్చో తేల్చే శాస్త్రానికి ఆయన వేసిన పునాదులు చాలా ఉన్నాయి. వంద చొక్కాలు చూసి వేల చొక్కాల సంగతి చెప్పడమంటే అదే కదా!

షూహార్ట్ శిష్యుడిలాంటి ఎడ్వర్డ్స్ డెమింగ్ 1950లో జపాన్ వెళ్ళి అక్కడి ఇంజినీర్లకి, కంపెనీ పెద్దలకి ఈ పాఠాలు చెప్పాడు. 1951 నుంచి అక్కడ ఆయన పేరుతో బహుమతి ఇస్తున్నారు. డెమింగ్ ఎక్కడికెళ్ళినా ఓ ఆట ఆడించేవాడు. పెట్టెలో 3,200 తెల్ల పూసలు, 800 ఎర్ర పూసలు. ఆడేవాళ్ళు 50 గుంటలున్న చెక్కతో పూసలు తీయాలి. ఎర్రపూస వస్తే లోపం. తక్కువ ఎర్రవి తెచ్చినవాడికి మెప్పు, ఎక్కువ తెచ్చినవాడికి చీవాట్లు, చివరికి ఉద్యోగం ఊడగొట్టడం! చూసేవాళ్ళు పడీపడీ నవ్వేవారు. కాసేపటికి నవ్వు ఆగిపోయేది. మన ఆఫీసులోనూ ఇంతేగదా అని వాళ్ళకే తట్టేది.

ఈ ఆట మీ ఇంట్లోనూ ఆడొచ్చు. ఓ గిన్నెలో 400 చింతగింజలు పోయండి. వాటిలో 80 గింజలకి సుద్దముక్కతో తెల్ల గుర్తు పెట్టండి. ఇంటిల్లిపాదీ కళ్ళు మూసుకుని తలా యాభై గింజలు తియ్యాలి. తెల్లవి లెక్కపెట్టి, మళ్ళీ గిన్నెలో కలిపేసి, తర్వాతివాళ్ళు తియ్యాలి. సగటున పది వస్తాయి. కానీ ఒకరికి ఆరు, ఇంకొకరికి పధ్నాలుగు రావొచ్చు. రెండు నుంచి పద్దెనిమిది దాకా ఏదొచ్చినా వింత లేదు. పధ్నాలుగు వచ్చిన పిల్లని 'కాస్త శ్రద్ధగా తియ్యి' అని గదమాయించి చూడండి. తర్వాతిసారి తగ్గితే మీ గదమాయింపు పనిచేసిందని ఎవరైనా నమ్ముతారేమో గమనించండి.

చార్టు చెప్పలేనివి

దీన్ని మంత్రదండం అనుకోకండి. ఎక్కడో ఏదో జరిగిందని చార్టు చెబుతుంది. ఏం జరిగిందో చెప్పదు. అది చెప్పాల్సింది మిషను ముందు కూర్చున్న మనిషి. ఆమె నోరు విప్పాలంటే భయం ఉండకూడదు. లోపానికి కూలి కోస్తే లోపాలు తగ్గవు, లోపాలు దాగుతాయి. ఊడిన కాజా మడత లోపలికి పోతుంది, నోటుబుక్కులో చక్కగా సున్నాలు పడతాయి. ఆ చొక్కా చివరికి ఏ రెండో తరగతి పిల్లాడి ఒంటి మీదో విప్పుకుంటుంది.

తనిఖీ వాళ్ళు వస్తున్నారని ముందురోజు రాత్రి ఒకే పెన్నుతో నెల రోజుల చుక్కలు పెట్టేసి గోడకి తగిలించిన చార్టులూ ఉంటాయి. అలాంటి చార్టు కన్నా ఖాళీ గోడే నయం.

అన్ని పనులకీ ఇది పనికి రాదు కూడా. జనగామ పక్కనే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకు మీద సుత్తిదెబ్బలతో దేవతలనీ, ఏనుగులనీ లేపే కళాకారుల ఊరు. ఒక ఏనుగు తొండం ఇంకో ఏనుగు తొండంలా ఉండదు. అక్కడ తేడాయే విలువ. బడిపిల్లల గుండీలకి, బొగ్గు బూడిదకి, వడ్ల తేమకి మాత్రం తేడా భారమే.

ఇక ఇంటి సంగతి. నాన్నగారి షుగరు పొద్దున్నే పరీక్షించి పుస్తకంలో రాసే ఇళ్ళు ఇవాళ చాలా ఉన్నాయి. నిన్న 128, ఇవాళ 139 అనగానే 'రాత్రి ఏం తిన్నారు?' అని విచారణ మొదలవుతుంది. వడ్ల కుప్పకి చేసిన లెక్కే ఇరవై రోజుల అంకెలకి చేసి చూడండి. ఆ పదకొండు తేడా మామూలు ఊగిసలాటేనేమో తెలుస్తుంది. అయితే ఇక్కడా రెండు హద్దుల సంగతి మర్చిపోకండి. చార్టు హద్దుల్లో ఉన్నంత మాత్రాన ఆరోగ్యం బాగున్నట్టు కాదు. ఎంతలోపు ఉండాలో చెప్పేది డాక్టరుగారే. సగటే ఎక్కువగా ఉంటే నాన్నగారిని రోజూ సాధించి లాభం లేదు. మందో, తిండో, నడకో, మొత్తం పద్ధతే మారాలి. ఆ పుస్తకం డాక్టరుగారికి చూపించండి. ఒక్క అంకె కన్నా ఇరవై అంకెల వరస ఆయనకీ ఎక్కువ చెబుతుంది. ఒంట్లో బాగోలేనట్టు అనిపిస్తే మాత్రం ఏ చార్టు కోసమూ ఆగొద్దు.

పిల్లల మార్కుల పుస్తకం కూడా ఓసారి తియ్యండి. యూనిట్ టెస్టుల మార్కులు ఏడాదివి వరసగా రాసి, మధ్యగీత గియ్యండి. మొన్న తిట్లు తిన్న ఆ మార్కు గీతకి ఎంత దూరంలో ఉందో చూడండి. హద్దులోపలే ఉంటే, సాయంత్రం బడి నుంచి రాగానే ఓ మాట చెప్పేద్దురూ. తప్పు నీది కాదమ్మా, మా లెక్కది అని.